మాదాపూర్ నుంచి దీవుల దాకా

హైదరాబాదు జంటలు సెలవు పెట్టి, సముద్రం నడుమ ఉన్న ఏదో దీవికి వెళ్లి, అక్కడి రిసార్టులో నాలుగు రోజులు గడిపి రావడం పాతికేళ్లు కూడా నిండని అలవాటు. నగరానికి సముద్రం లేదు. దగ్గర్లో చెప్పుకునే బాపట్ల సూర్యలంక తీరానికి కూడా మూడు వందల కిలోమీటర్లకు పైనే ప్రయాణం. హైటెక్ సిటీ అద్దాల మేడల్లోంచి కిందికి చూస్తే కనిపించే నీళ్లు దుర్గం చెరువువే. అలాంటి చోట ఇవాళ పెళ్లి కుదిరిన ఇళ్లలో కల్యాణ మండపం సంగతి తేలగానే మాల్దీవులా, బాలీనా, అండమానా అన్న చర్చ మొదలవుతోంది. ఈ అలవాటు ఎదిగిన తీరు చూస్తే, దీవిని ఎంపిక చేసింది ఎక్కువసార్లు విమానం, ముహూర్తం, లీవు అని తెలుస్తుంది. ఇసుక తెల్లదనం, నీటి రంగు ఆ తర్వాతి లెక్క.

తెలుగు నేలకు దూరపు దీవులతో పరిచయం విహారంతో మొదలవలేదు, శిక్షతో, కూలితో మొదలైంది. 1857 జులై 17న హైదరాబాదు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో దాడి జరిగింది. తుర్రేబాజ్ ఖాన్‌ను కాల్చి చంపారు. మౌల్వీకి ద్వీపాంతరవాస శిక్ష వేసి అండమాన్ పంపారు. ఆయన అక్కడే కన్నుమూశాడు. మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర కూడా అండమాన్ జైలు అనుభవించాడు. ఆయన మాత్రం బతికి తిరిగొచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. సముద్రం దాటితే కులం చెడుతుందన్న కట్టుబాటు ఒకవైపు, దాటినవాడు తిరిగిరాడన్న భయం మరోవైపు. అండమాన్ పేరు చెబితే ఊళ్లో ఆడవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్న కాలం అది.

కూలి అంతకన్నా ముందే మొదలైంది. బ్రిటిష్ పాలకులు 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను తరలించారు. గోదావరి జిల్లా కోరంగి రేవు మీదుగా ఓడ ఎక్కినవాళ్లు ఎంతమందో, ఆ దీవిలో తెలుగువాళ్లకు ఆ రేవు పేరే అంటుకుపోయింది. వాళ్ల సంతతి 1946లో మారిషస్ ఆంధ్ర మహాసభ పెట్టుకుంది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం వైపు నుంచి వేలాదిమంది పనులు వెతుక్కుంటూ అండమాన్ చేరారు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. హనీమూన్ ప్యాకేజీల కాగితాల్లో మెరిసే ఈ దీవులు రెండూ మనవాళ్లు చెమటోడ్చి బతికిన చోట్లే.

పెళ్లయిన జంట విడిగా ప్రయాణం పెట్టుకోవడం తెలుగిళ్లలో పాత ఆచారం కాదు. పెళ్లి తర్వాతి రోజులను మనుగుడుపులు, మూడు నిద్రలు, పదహారు రోజుల పండగ నింపేసేవి. కొత్త అల్లుడు అత్తారింట్లో, కొత్త కోడలు మెట్టినింట్లో చుట్టాల మధ్యే మెలిగేవారు. ప్రయాణమంటూ ఉంటే అన్నవరంలో సత్యనారాయణ వ్రతానికో, తిరుపతి కొండకో. అదీ ఇంటిల్లిపాదీ కలిసి. ఆషాఢం వస్తే అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదని కోడలిని పుట్టింటికి పంపేసేవారు. జంటకు ఏకాంతం ఇంటి పెద్దలు కేటాయించే వస్తువు. ఈ పద్ధతిలో ఆప్యాయత లేదనలేం గానీ, ఇద్దరూ ఒకరితో ఒకరు గంటసేపు తీరిగ్గా మాట్లాడుకునే వీలు తక్కువ.

హనీమూన్ అన్న మాట చదువుకున్న కుటుంబాల్లోకి ముందుగా ఊటీ, కొడైకెనాల్ చలితో వచ్చింది. సముద్రం వంతు వచ్చేసరికి తెలుగువారికి తొలి తీరం విశాఖపట్నం. ఇంగ్లిషువాళ్ల కాలం నుంచే వాల్తేరుకు ఆరోగ్యానికి మంచి గాలి దొరికే చోటని పేరు. 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’ సినిమా విశాఖ, భీమిలి తీరాల్లో తీసింది. ఆ ఒడ్డు ప్రేమికుల ఒడ్డుగా జనం మనసులో నిలిచిపోయింది. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి విశాఖలో దిగి, సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో మిరపకాయ బజ్జీ తిని, మర్నాడు అరకు వెళ్లి రావడం ఓ తరం జంటలకు తెలిసిన విహారం. గోవాలో 1974లో తాజ్ ఫోర్ట్ అగ్వాడ తెరిచారు. తీరాన్నే నమ్ముకున్న పెద్ద హోటల్ అన్న ఆలోచన దేశంలో అలా ఊపందుకున్నా, హైదరాబాదు ఉద్యోగి జీతానికి అది అందేది కాదు.

ఆ జీతం మాదాపూర్‌లో మారింది. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో పెట్టింది. తర్వాత పదేళ్లలో గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ రాళ్ల గుట్టలు కార్యాలయాలయ్యాయి. గుంటూరు, వరంగల్, కర్నూలు, రాజమండ్రి నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఇద్దరే కాపురం పెట్టారు. చాలా ఇళ్లలో ఇద్దరికీ ఉద్యోగం. రాత్రి అమెరికా కాల్స్, పగలు ట్రాఫిక్. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికొకరు దొరకని బతుకు. పాత రోజుల్లో ఏకాంతానికి అడ్డు చుట్టాలైతే, ఇప్పుడు అడ్డు పనివేళలు. ఫోను సిగ్నల్ అందనంత దూరం వెళ్లాలన్న కోరిక ఈ అలసటలోంచే పుట్టింది. నడుమ సముద్రం ఉన్న దీవి ఆ కోరికకు సరిగ్గా సరిపోయింది.

ఆఫీసు క్యాలెండరు కూడా దారి చూపింది. అమెరికా క్లయింట్లకు థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవులు రాగానే ఇక్కడ పని నెమ్మదిస్తుంది. మిగిలిపోయిన లీవులు డిసెంబరులోపు వాడకపోతే కొన్ని కంపెనీల్లో మురిగిపోతాయి. హిందూ మహాసముద్రంలో చాలా దీవులకు అదే మంచి వాతావరణం మొదలయ్యే సమయం. పెళ్లిరోజు ఎప్పుడైనా, విహారం డిసెంబరుకు జరగడం అలా మొదలైంది.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుంది. అదే ఏడాది చివర్లో ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి–శంషాబాద్ భాగం వాడకంలోకి వచ్చింది. ఐటీ కారిడార్ నుంచి విమానాశ్రయానికి అడ్డుపడే సిటీ ట్రాఫిక్ తప్పింది. అప్పటికే చవక విమానాలు వచ్చేశాయి. శుక్రవారం లాగౌట్ అయి రాత్రికి గోవా చేరడం మామూలైంది. గోవాలోని మోపాలో కొత్త విమానాశ్రయం మొదలైన 2023 జనవరి 5న అక్కడ దిగిన తొలి విమానం హైదరాబాదు నుంచి వెళ్లిందే.

మాల్దీవుల కథ 1972లో మొదలవుతుంది. రాజధాని మాలే పక్కన ఓ కొబ్బరి దీవిలో ముప్పై గదులతో కురుంబా అనే రిసార్టు వెలిసింది. గోడలకు పగడపు రాయి, కప్పుకు కొబ్బరాకు. తర్వాత ఒక దీవికి ఒకే రిసార్టు అన్న పద్ధతి ఆ దేశంలో స్థిరపడింది. ఊరు లేదు, బజారు లేదు, పక్క హోటల్ లేదు. నీళ్లలో గుంజలు పాతి కట్టే కుటీరం మాత్రం మాల్దీవులది కాదు. 1967లో ఫ్రెంచ్ పాలినేషియాలోని రైయాతియా దీవిలో ముగ్గురు అమెరికన్లు తమ హోటల్‌కు మంచి ఇసుక ఒడ్డు లేక, గదులను నీళ్ల మీదికి జరిపారు. ఒడ్డు లేని లోటు తీర్చుకోవడానికి చేసిన ఏర్పాటు, తర్వాత ఒడ్డు పుష్కలంగా ఉన్న మాల్దీవుల్లోనే అన్నింటికన్నా ఖరీదైన గదిగా స్థిరపడింది.

ఈ దేశంతో హైదరాబాదుకు మరో ముడి ఉంది. శంషాబాద్ విమానాశ్రయం కట్టిన, అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం మూలాలున్న జీఎంఆర్ సంస్థ 2010లో మాలే విమానాశ్రయ నిర్వహణను మలేషియా భాగస్వామితో కలిసి తీసుకుంది. 25 ఏళ్ల ఒప్పందాన్ని అక్కడి ప్రభుత్వం 2012లోనే రద్దు చేసింది. మధ్యవర్తిత్వ తీర్పు మేరకు 2016లో సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించింది. ఒప్పందం నిలిచి ఉంటే ఎక్కే విమానాశ్రయం, దిగే విమానాశ్రయం రెండూ ఒకే సంస్థ చేతుల్లో ఉండేవి.

మాల్దీవులను హైదరాబాదుకు దగ్గర చేసింది కరోనా. 2020 జులైలో ఆ దేశం అన్ని దేశాలవారికీ తలుపులు తెరిచింది. యూరప్, థాయిలాండ్ మూసుకుని ఉన్నాయి. మాల్దీవుల్లో దిగాకే వీసా ఇస్తారు. దీవికి ఒకే రిసార్టు కాబట్టి గుంపు భయం లేదు. పెళ్లి ఖర్చు యాభై మంది అతిథులతో తగ్గిపోయిన ఆ రోజుల్లో మిగిలిన డబ్బు విహారం వైపు మళ్లింది. 2021 ఫిబ్రవరిలో గోఎయిర్ హైదరాబాదు నుంచి మాలేకు నేరుగా విమానం నడిపింది. తర్వాతి మలుపు 2024 జనవరిలో వచ్చింది. ప్రధాని లక్షద్వీప్ పర్యటన మీద మాల్దీవుల ఉపమంత్రులు చేసిన వ్యాఖ్యలు దుమారం రేపాయి. 2023లో రెండు లక్షలు దాటిన భారతీయ పర్యాటకుల సంఖ్య 2024లో లక్షా ముప్పై వేలకు పడిపోయింది. 2023 నవంబరు నుంచి థాయిలాండ్ వీసా లేకుండానే రానివ్వడంతో చాలా జంటలు ఫుకెట్, కో సముయ్ వైపు తిరిగాయి.

దీవి ఎంపికలో తెలుగువారికే ప్రత్యేకమైన సంగతి పంచాంగం. మాఘ ఫాల్గుణాల్లో, అంటే ఫిబ్రవరి, మార్చిల్లో పెళ్లయితే మాల్దీవుల్లో సముద్రం ప్రశాంతంగా, ఆకాశం తేటగా ఉంటుంది. అండమాన్‌కూ మంచి కాలమే. వైశాఖ జ్యేష్ఠాల ముహూర్తాలకు లెక్క మారుతుంది. మే చివరికి నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకుతాయి. అలలు లేస్తే దీవుల మధ్య పడవలు ఆగిపోతాయి. మాల్దీవుల్లోనూ వానలు మొదలవుతాయి. అప్పుడు, శ్రావణ ముహూర్తాలకు కూడా, భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న బాలీ మేలు. అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడికాలం. కార్తీకం, మార్గశిరం వస్తే అండమాన్ మళ్లీ కుదుటపడుతుంది. పురోహితుడు పెట్టిన తేదీ తెలిస్తే దీవి సగం తేలినట్టే. వానాకాలంలో మాల్దీవుల ధరలు బాగా తగ్గుతాయి కాబట్టి ఆషాఢంలో వెళ్లే పాత జంటలూ ఉన్నారు.

రెండో లెక్క దిగాక పడవ. మాలే దగ్గరి దీవులకు స్పీడ్ బోటు చాలు. దూరపు దీవులకు నీటి మీద దిగే చిన్న విమానం, సీప్లేన్ ఎక్కాలి. అది పగటి వెలుతురులోనే ఎగురుతుంది. మధ్యాహ్నం నాలుగు దాటాక మాలే చేరినవాళ్లు ఆ రాత్రి రాజధాని దగ్గర హోటల్‌లోనే పడుకోవాలి. దీవిలో కట్టిన ఓ రాత్రి డబ్బు వృథా. సీప్లేన్ టికెట్టు, మనిషికి రాత్రికి 12 డాలర్ల హరిత పన్ను, 17 శాతం పర్యాటక పన్ను, 10 శాతం సేవా రుసుము కలిపాక గది అసలు ఖరీదు బయటపడుతుంది. ప్రకటనలో కనిపించే ధరను నమ్మి బుక్ చేసినవాళ్లు చివరి బిల్లు దగ్గర నోరు తెరవడం ఇందుకే.

తిండి మూడో లెక్క. బయటికి వెళ్లి ఇడ్లీ తినే వీల్లేని చోట మూడు పూటల భోజనం కలిసిన ప్యాకేజీ అవసరమవుతుంది. శాకాహారులైతే ముందుగానే రాసి తెలియజేయాలి. అయినా చాలా సూట్‌కేసుల్లో ఓ మూల గోంగూర పచ్చడి, కందిపొడి పొట్లాలు ఉంటాయి. కొత్త జంటకు మరో చిన్న చిక్కు: పదహారు రోజుల పండగ కాకముందే వెళ్తే వధువు మెడలో ఉన్నది ఇంకా పసుపుతాడే. ఉప్పునీళ్లలో దిగితే పసుపు కరిగి మెడకు, తెల్లటి తువ్వాలుకు అంటుకుంటుంది. ఆ పండగ అయ్యాకే టికెట్లు తీయమని పెద్దవాళ్లు అనడంలో ఆచారంతో పాటు ఈ సౌకర్యమూ ఉంది. హనీమూన్ రాయితీ కోరితే చాలా రిసార్టులు పెళ్లి ధ్రువపత్రం అడుగుతాయి. పెళ్లి నమోదును తప్పనిసరి చేసిన 2002 నాటి రాష్ట్ర చట్టం ఇక్కడ అక్కరకొస్తోంది.

గదికన్నా ముందు చూడవలసింది ఆ దీవి చుట్టూ ఉన్న పగడపు గట్టు. ఒడ్డు నుంచి ఈదుకుంటూ వెళ్లి చూడగలిగే గట్టు అన్ని దీవులకూ ఉండదు. 1998లో, 2016లో సముద్రం వేడెక్కి మాల్దీవుల పగడాలు పెద్దయెత్తున తెల్లబడి చచ్చిపోయాయి. బతికిన గట్టు ఉన్న దీవిలో సాదా గది, చచ్చిన గట్టు ఉన్న దీవిలో నీళ్ల మీది విల్లా కన్నా నయం.

డబ్బు పరంగానూ భాష పరంగానూ హైదరాబాదు జంటకు ఇప్పటికీ అందుబాటులో ఉన్న దీవి అండమానే. వీసా అక్కర్లేదు, రూపాయే చెల్లుతుంది. అక్కడి హావెలాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. రాధానగర్ బీచ్ దగ్గర తాజ్ రిసార్టు వచ్చిందీ ఆ ఏడాదే. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు శంషాబాద్ నుంచి విమానంలో సుమారు రెండున్నర గంటలు. అక్కడి ఆటోవాలాతో, కొట్టువాడితో కొన్నిసార్లు తెలుగులోనే బేరమాడవచ్చు. వెళ్లే జంటలు హావెలాక్ పడవ ఎక్కేముందు పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులర్ జైలుకు ఒక పూట కేటాయించాలి. మల్లుదొర లాంటి మన్యం వీరుల రోజులు గడిచింది అండమాన్‌లోనే.