మిరియపు నీళ్ళు

ఏటా మా అమ్మ తద్దినం వానాకాలంలో వస్తుంది. ఆ రోజు విస్తట్లో వడ్డించే చారులో ఎండుమిరపకాయ ఉండదు, టమాటా ఉండదు. మిరియాలు, జీలకర్ర, చింతపండు, అంతే. అమ్మ బ్రతికినన్నాళ్ళూ టమాటా లేకుండా చారు కాచి ఎరుగదు. ఆమె పేర పెట్టే భోజనంలో ఆమెకు ఇష్టమైన చారుకే చోటు లేకపోవడం నాకు కొరుకుడుపడని సంగతి. పెద్దలనడిగితే "ఆచారం" అన్నారు. ఆచారం వెనుక చరిత్ర ఉండకపోదని కొంత వెతికాను.

మిరప అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబస్ అక్కడికి చేరిన తరువాతనే తక్కిన ప్రపంచానికి దాని సంగతి తెలిసింది. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. ఆ వెనుక పోర్చుగీసు ఓడలలో మిరప మన తీరానికి దిగింది. అంతకు మునుపు మన వంటలో కారమంటే ప్రధానంగా మిరియమే. కొత్త కాయకు జనం పాత పేరునే తొడిగారు. తమిళులకు మిరియం మిళగు, మిరప మిళగాయ్. కన్నడిగులకు మెణసు, మెణసినకాయి. మన మిరియం, మిరపల పోలిక చెప్పనక్కరలేదు. టమాటా ఇంకా వెనుక వచ్చిన చుట్టం. రామములగ అని ఎంత ముద్దుగా పిలుచుకున్నా అదీ అమెరికా సరుకే.

కాబట్టి తద్దినపు చారు అమ్మను మరచిన చారు కాదు. ఆ ఓడలు రాకమునుపటి వంటింటిని మరవని చారు అని నాకు తోచింది.

ఈ వెతుకులాటలోనే మరొక చారు తారసపడింది. ఆంగ్లేయుల 'ములిగటానీ' సూపు. మిళగు, తణ్ణీర్ అనే రెండు తమిళ మాటలు కలిసి వారి నోట అలా మారాయి. అర్థం మిరియపు నీళ్ళు. హైదరాలీ చెరలో చిక్కిన ఒక ఆంగ్ల నావికుడిదని చెప్పే 1784 నాటి పాటలో, బెంగుళూరు జైలులో ఇదీ గంజీ తప్ప గతి లేదన్న వాపోత ఉంది. చెరసాల కూడు కాలక్రమాన దొరల బల్లలెక్కింది. మద్రాసు రాజధానిలో పనిచేసే తెల్లవారికి ఈ పేరును కుదించి 'మల్' అనే వేళాకోళపు పేరు కూడా పెట్టారు.

సీమకు చేరాక దాని అవతారమే మారింది. 1861లో వెలువడిన మిసెస్ బీటన్ పుస్తకంలో ఈ సూపుకు కోడి లేదా కుందేలు మాంసం, బాదంపప్పు, కూరపొడి, చివరికి పందిమాంసం కూడా కావాలి! చదివినపుడు మన చారును చెరిచారని కోపం వచ్చింది. కాని మిరపను, టమాటాను చారులో వేసుకుని మనదే అనుకున్నవారం మనం. ఆ కోపానికి నాకు హక్కెక్కడిది?

అసలు చారును శ్రద్ధగా వ్రాసిపెట్టినవాడూ ఒక తెల్లవాడే. మద్రాసు సైన్యంలో అధికారి అయిన కెన్నీ హెర్బర్ట్, 'వైవెర్న్' అనే మారుపేరుతో 1878లో మద్రాసులోని దొరల వంటిళ్ళ కోసం ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో పేదవారి మిరియపు నీళ్ళ పద్ధతి లెక్కతో సహా ఉంది. చింతపండు, 6 ఎండుమిరపకాయలు, 6 వెల్లుల్లి రెబ్బలు, ఆవాలు, మెంతులు, 12 మిరియపు గింజలు, ఉప్పు, 6 కరివేపాకు ఆకులు కలిపి నూరి, నీళ్ళు పోసి పావుగంట మరిగించాలి. ఉల్లిపాయలు నేతిలో వేయించి, ఆ నీళ్ళు వడగట్టి పోయాలి. కరివేపాకును అతడు 'కరేపాక్' అని వ్రాశాడు. తమిళులైతే కరివేప్పిలై అంటారు. తమిళ పేరున్న ఆ చారులో మన ఆకు మన మాటతోనే పడింది! ఆ వంటింట్లో తెలుగు గొంతు కూడా వినబడేదని నా ఊహ.

ఈ ఏడు తద్దినం మరునాడు, అమ్మ కాచినట్టు టమాటా చారు కాద్దామని కూర్చున్నాము. అక్క మెంతులు వేసేదంటుంది, నేను కాదంటాను. ధనియాలెన్నో, మిరియాలెన్నో ఇద్దరికీ తెలియదు. నూట నలభై యేళ్ళ నాటి మద్రాసు చారులో 12 మిరియాలు పడ్డాయని నాకు తెలుసు. అమ్మ చారులో ఎన్ని పడేవో తెలియదు. ఆమె కొలిచి వేయలేదు, మేము అడిగి వ్రాసుకోలేదు.

చివరకు అక్క మాటే నెగ్గింది. చారు బాగానే ఉంది. అమ్మ చారు మాత్రం కాదు.