నాగా నుండి సెలవు దాకా

‘సెలవు’ అన్న మాటకు మన భాషలో మొదటి అర్థం విశ్రాంతి కాదు, అనుమతి. పెద్దలు మాట్లాడితే ‘సెలవిచ్చినారు’ అంటాము. సభ నుండి లేచి పోయేవారు ‘సెలవు పుచ్చుకొంటాను’ అంటారు. అనగా సెలవు అన్నది ఒకరు ఇచ్చేది, మరొకరు పుచ్చుకొనేది. ఇచ్చేవారి దయ మీద ఆధారపడి ఉండిన ఈ మాట, పుచ్చుకొనేవారి హక్కుగా ఎట్లు మారినది? ఆ మార్పు ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చి, మన ఇంటి గడప దగ్గర ఎందుకు ఆగినది? ఈ సంగతి బాన్సువాడ ప్రాంతాన్ని ఆధారం చేసుకొని ముచ్చటిస్తాను.

బాన్సువాడ చాలాకాలం నిజామాబాదు జిల్లాలో తాలూకా కేంద్రం. 2016లో కొత్తగా ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరినది. మంజీర నది మీద 1923లో ప్రారంభించి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ ఆనకట్ట ఈ సీమ ముఖాన్నే మార్చినది. మెట్ట మాగాణి అయినది. వరి, చెరకు విస్తరించినవి. పొలం పెరిగినకొద్దీ పని పెరిగినది. పని పెరిగినకొద్దీ ఇంటిపట్టున కట్టుబడి ఉండే మనిషి అవసరమూ పెరిగినది.

ఆ మనిషిని మన ప్రాంతంలో జీతగాడు అన్నారు, కోస్తా జిల్లాలలో పాలేరు అన్నారు. ఉగాదికి కుదిరి, మరుసటి ఉగాది దాకా యజమాని ఇంటనే తిని, కొట్టంలోనో వసారాలోనో పడుకొని, పశువులను, పొలాన్ని, పిల్లలను చూచుకొనేవాడు. ఏడాదికి ఇంత ధాన్యమనో, ఇంత రొక్కమనో మాట. ఆ మాటలో సెలవు ప్రసక్తి లేదు. ఉన్నది ‘నాగా’. పనికి రాని దినమే నాగా. ఉర్దూ నుండి మనకు వచ్చిన ఈ చిన్న మాట పల్లె లెక్కలలో ఎంతో బరువు మోసినది. జ్వరమైనా నాగాయే, చావైనా నాగాయే. ఏడాది చివర నాగాలు కూడబెట్టి, ఆ మేరకు జీతం కోసేవారు. లేదా ఉగాది దాటిన తరువాత అన్ని దినాలు అదనంగా పని చేయించుకొనేవారు.

అదే కాలంలో, అదే ఊరి కచేరీలో, ఉద్యోగి తీసుకొన్న విరామాన్ని ‘రుఖ్సత్’ అనేవారు. అతడు ఇంటనున్న దినాలకూ జీతం నడిచేది. కచేరీలో రుఖ్సత్, కొట్టంలో నాగా! పని మానిన దినానికి రెండు పేర్లు ఉండినవంటే, మనిషికి రెండు విలువలు ఉండినవన్న మాటే.

జీతగాని స్థితి కన్న హీనమైనది భాగేలా పద్ధతి. పెండ్లికో, కరువుకో తీసుకొన్న అప్పుకు బదులు మనిషే కుదువపడేవాడు. కూలి వడ్డీలో కలిసిపోయేది. అప్పు తండ్రి నుండి కొడుకుకు సంక్రమించేది. ఇక ఆడబాపల సంగతి మరీ విచారకరం. దొరల ఇంటి పెండ్లిలో వధువు వెంట అత్తవారింటికి పంపబడిన ఆడపిల్లలు వారు. వారికి ఉగాది లెక్క కూడ లేదు. ఏడాదియే లేనివారికి వార్షిక సెలవు ఎక్కడిది?

1921లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం, మాడపాటి హనుమంతరావుగారి వంటి పెద్దల పూనికతో, వెట్టిచాకిరీని ప్రజల ముందు చర్చకు పెట్టినది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటిసారి సమావేశమైనది. 1937లో ఆ మహాసభ మన నిజామాబాదులోనే, మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన జరిగినది. ఈ నడుమనే, 1936లో, నిజాం ప్రభుత్వం భాగేలా ఒప్పందాలను క్రమబద్ధం చేయుటకు ఒక శాసనం చేసినది. శాసనమైతే వచ్చినది గాని, పద్ధతి మాత్రం పోలేదు. పోలేదనుటకు సాక్ష్యం నలభై ఏండ్ల తరువాతి చట్టమే. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దేశంలోని దాస్య పద్ధతులను పేరుపేరునా చెప్పినప్పుడు, ఆ పట్టికలో భాగేలా ఉన్నది, జీతం ఉన్నది, పాలేరు ఉన్నది, వెట్టి ఉన్నది. మన పల్లెల మాటలు నాలుగు పార్లమెంటు చట్టానికి ఎక్కినవి. గర్వపడవలసిన విషయం కాదు.

ఆ చట్టం దాస్యానికి చెప్పిన లక్షణాలలో ఒకటి గమనింపదగినది. అప్పు కారణంగా మనిషి తన ఇచ్చవచ్చిన చోటికి పోయే హక్కును కోల్పోతే, అదియూ దాస్యమే. అనగా చట్టం దృష్టిలో స్వేచ్ఛకు ఒక గుర్తు, పోయి రాగలగడం. సెలవు అన్నది ఇంతకన్న వేరు కాదు.

ఇక ఫ్యాక్టరీ వైపు చూతము. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడినది. అది 2015లో మూతపడినది. స్వాతంత్ర్యానంతరం అటువంటి కర్మాగారాల కార్మికులకు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వర్తించినది. 1954లో సవరించిన రూపంలో ఆ చట్టం చెప్పిన లెక్క ఇది: ఏడాదిలో 240 దినాలు పని చేసినవారికి, ప్రతి 20 దినాల పనికి ఒక దినం చొప్పున, మరుసటి ఏడాది జీతంతో కూడిన సెలవు. భిన్నం సగమో అంతకు మించో ఉంటే నిండు దినంగా కలుపుకోవాలి, తక్కువైతే వదలాలి. నడుమ వచ్చే పండుగలు, వారాంతపు విరామాలు ఇందులో చేరవు. చెరకు పిండే మనిషికి ఈ లెక్క అందినది. అదే చెరకు పండించిన రైతు ఇంట అంట్లు తోమిన మనిషికి అందలేదు.

నా చిన్ననాటి ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా ఇంట ఒకామె ఉండి పని చేసేది. వంటింటి గోడ మీద మా నాయనమ్మ ఆమె నాగాలను బొగ్గుతో గీతలుగా గీసేది. ఆమె తల్లి చనిపోయినప్పుడు ఊరికి పోయి వచ్చినది. వచ్చిన మరునాడు గోడ మీద నాలుగు కొత్త గీతలు చూచి, ఏమీ అనక, చీపురు అందుకొన్నది. మా నాయనమ్మ చెడ్డ మనిషి కాదు. ఆమెకు తెలిసిన లెక్క అదొక్కటే. ఆ నాలుగు గీతలు మాత్రం నా కన్నుల ముందు నుండి చెరిగిపోలేదు.

తరువాత కాలంలో ప్రపంచం ఈ లెక్కను మార్చ యత్నించినది. 2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివారి కొరకు 189వ ఒడంబడికను ఆమోదించినది. వారానికి కనీసం 24 గంటల ఎడతెగని విరామం ఉండాలన్నది. ఇంటనే నివసించే పనివారు తమ విరామ సమయంలో, వార్షిక సెలవులో, ఆ ఇంటనే ఉండి తీరాలన్న నిర్బంధం కూడదన్నది. దానితో వచ్చిన సిఫారసు, యజమాని కుటుంబం వెంట యాత్రకు పోయిన దినాలను పనివారి సెలవు క్రింద జమ కట్టరాదని చెప్పినది. తిరుపతికి తీసుకొనిపోయినాము గదా, అదే సెలవు అనుకొనే మనకు ఇది పాఠమే. భారతదేశం ఈ ఒడంబడికను ధ్రువీకరించలేదు.

మన ప్రాంతానికి దగ్గరి సంగతి మరొకటి. నిజామాబాదు, కామారెడ్డి పల్లెల నుండి ఎందరో గల్ఫు దేశాలకు పోయినారు; కడప, గోదావరి జిల్లాల స్త్రీలు కువైటులో ఇంటి పనికి కుదిరినారు. ఆ కువైటులో 2015 నాటి 68వ చట్టం ఇంటి పనివారికి వారానికొక విరామదినం, ఏడాదికి 30 దినాల జీతంతో కూడిన సెలవు చెప్పినది. కాగితం మీది హక్కు ప్రతి ఇంటా అమలగునని కాదు. అడుగుటకు ఒక సంఖ్య ఉన్నదని మాత్రమే. మన వద్ద 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంటి పనిని కనీస వేతనాల పట్టికలో చేర్చినది. 2025 జనవరి 29న సుప్రీం కోర్టు, ఇంటి పనివారి రక్షణకు చట్టం చేసే విషయం పరిశీలింపుమని కేంద్ర ప్రభుత్వానికి చెప్పినది. సెలవు దినాలను లెక్కగట్టి చెప్పిన కేంద్ర చట్టం మాత్రం వారికి లేదు.

అట్లయితే ఇంటివారు ఏ లెక్క పట్టాలి? ఫ్యాక్టరీ కొలతనే ఎరువు తెచ్చుకొందాము. ఏడాదికి 365 దినాలు. వారానికొకటి చొప్పున 52 విరామదినాలు తీసివేస్తే 313. బతుకమ్మ, దసరా, సంక్రాంతి, ఉగాది వంటి పండుగలకు 8 దినాలు తీసివేస్తే 305. దానిని 20తో భాగిస్తే 15, పైన పావు. పావు వదలితే నిండుగా 15 దినాలు. ఎనిమిది నెలలకే పని మానితే అందులో మూడింట రెండు వంతులు, 10 దినాలు. నెలకు 9,000 రూపాయలకు కుదిరిన మనిషి దినకూలి 300. ఆరు దినాల సెలవు వాడుకొనక మిగిలితే, వెళ్ళేనాడు చేతిలో పెట్టవలసినది 1,800 రూపాయలు. జ్వరం వచ్చిన దినాలను ఇందులో కోయరాదు. ఇది చట్టం విధించినది కాదు, న్యాయం తోపించినది.

కొడుకు కువైటులో ఉండి తన ముప్పది దినాల సెలవు కొరకు క్యాలెండరు చూస్తూ ఉంటాడు. ఇక్కడ అతని తల్లిని కనిపెట్టుకొని ఉన్న మనిషికి కూడ ఒక ఊరున్నది, ఆమె రాక కొరకు చూచే వాకిలి ఒకటి ఉన్నది. అదే ఇంటి గోడ మీది క్యాలెండరులో ఆమె పదిహేను దినాలను కూడ ముందే గుర్తు పెట్టి ఉంచితే, బొగ్గు గీతల కాలం ఆ ఇంట ముగిసినట్లే.

ఇక నాకు సెలవు.