తండ్రి పేరు, తల్లి రంగు

గల్ఫ్‌లో ముత్యాల కోసం మునిగే మనిషి దగ్గర సరంజామా చాలా తక్కువ ఉండేది. ముక్కు మూసుకోవడానికి కొమ్ముతోనో తాబేటి చిప్పతోనో చేసిన క్లిప్పు, ఆల్చిప్పలు పీకేటప్పుడు వేళ్లు తెగకుండా తోలు తొడుగులు, మెడలో తాడుతో అల్లిన బుట్ట, కాలికి ఒక రాయి. ఆ రాయి అతన్ని అడుగుకు లాక్కుపోయేది. ఊపిరి బిగబట్టి నిమిషం, నిమిషంన్నర సేపు అందినన్ని ఆల్చిప్పలు ఏరుకుని తాడు గుంజితే, పైన పడవలో ఉన్నవాడు లాగేవాడు. మునిగేవాడు గైస్, లాగేవాడు సైబ్, పడవను నడిపించే పెద్ద నాఖుదా. వేసవి నాలుగు నెలలూ పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గుంకేదాకా ఇదే పని. చమురు పడకముందు అజ్మాన్, షార్జా, దుబాయ్, ఉమ్ అల్ కువైన్ ఊళ్లు ప్రధానంగా ఈ పని మీదే బతికాయి.

అలా మునిగినవాళ్లలో చాలామంది తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు, లేదా అలాంటివాళ్ల బిడ్డలు. హైదరాబాద్‌లో మనం గొప్పగా చెప్పుకునే బస్రా ముత్యాలు ఈ గల్ఫ్ నీళ్లలోవే. ఇక్కడి సరుకు ఓడల్లో బొంబాయి చేరి, అక్కడి వ్యాపారుల చేతుల మీదుగా దక్కన్ కొలువులకు వచ్చేది. నిజాం నగల్లో ఏడు పేటల సత్లడాను చూసి అబ్బురపడేవాళ్లు, అలాంటి ముత్యాలను పైకి తెచ్చిన ఊపిరితిత్తులు ఎవరివో కూడా తెలుసుకోవాలి.

అజ్మాన్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్ల నోట ఒక మాట వింటూ ఉంటాను. తెల్లటి కందూరా తొడుక్కున్న నల్లటి మనిషిని చూసి, "ఇతను అరబ్బా? ఇంత నల్లగా ఉన్నాడేంటి?" అంటారు. అతను ఇక్కడి పౌరుడే. అతని పేరు చివర తెగ పేరుంది. ఈ దేశంలో అతన్ని "నల్లజాతి" అని విడిగా లెక్కగట్టే రిజిస్టరు లేదు. అదే అమెరికాలో తెల్లటి చర్మం, నీలి కళ్లు, బంగారు రంగు జుట్టు ఉన్న వాల్టర్ వైట్ జీవితాంతం నల్లజాతివాడే. 1893లో పుట్టి, నల్లవారి హక్కుల కోసం పోరాడిన ఎన్ఏఏసీపీ సంస్థకు 1955లో చనిపోయేదాకా నాయకత్వం వహించాడు. నల్లవారిని మూకలు చంపిన ఊళ్లకు తెల్లవాడిలా వెళ్లి, సాక్ష్యాలు కూడగట్టుకుని వచ్చేవాడు. చూసినవాళ్లెవరూ అతన్ని నల్లవాడని పోల్చలేకపోయేవారు. అయినా తాను నల్లవాణ్నేనని అతను చెప్పుకున్నాడు, చట్టమూ సమాజమూ అదే అన్నాయి.

ఈ తేడా చర్మం వల్ల వచ్చింది కాదు. యజమానికి బానిస స్త్రీ కన్న బిడ్డ ఎవరి బిడ్డ అన్న ప్రశ్నకు రెండు సమాజాలూ రెండు జవాబులు చెప్పాయి. మిగతా కథంతా ఆ జవాబుల వెంటే నడిచింది.

వర్జీనియా మొదట్లో తండ్రినే చూసింది. ఎలిజబెత్ కీ అనే ఆమె తండ్రి ఇంగ్లీషువాడు, తల్లి ఆఫ్రికా స్త్రీ. ఇంగ్లీషు ఆచారం ప్రకారం బిడ్డకు తండ్రి హోదా వస్తుంది గనుక తాను బానిసను కానని ఆమె కోర్టుకెక్కింది, 1656లో గెలిచింది. ఆ తీర్పులో ఎంత నష్టం దాగి ఉందో తోటల యజమానులకు అర్థం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1662లో వర్జీనియా శాసనసభ చట్టాన్ని తిరగేసింది: బిడ్డకు తల్లి హోదాయే వస్తుంది. బానిస స్త్రీని చెరిచిన యజమానికి ఇక ఏ బాధ్యతా లేదు. పైగా పుట్టిన బిడ్డ అతని ఆస్తిలో చేరింది. తన కూతుర్ని తానే అమ్ముకోగల హక్కును ఒక శాసనసభ కాగితం మీద రాసి ఇచ్చింది. మనుషులు చేసిన చట్టాల్లో ఇంతకంటే నీచమైనవి నేను చదివినంతలో చాలా తక్కువ.

అరేబియాలో అప్పట్లో అమల్లో ఉన్న ఇస్లామిక్ న్యాయశాస్త్రం ఇందుకు పూర్తిగా ఎదురు. యజమాని తన బిడ్డేనని ఒప్పుకుంటే, బానిస స్త్రీ కన్న బిడ్డ పుట్టుకతోనే స్వేచ్ఛాజీవి. తండ్రి పేరూ, తండ్రి తెగా, తండ్రి ఆస్తిలో వాటా వస్తాయి. ఆ తల్లిని ఉమ్ వలద్ అంటారు. ఆమెను అమ్మడానికి వీల్లేదు, యజమాని చనిపోయిన రోజు ఆమె విముక్తురాలవుతుంది. కాబట్టి ఎంత నల్లటి బిడ్డయినా తండ్రి అరబ్బయితే అరబ్బే. ఈ ఏర్పాటును చూపించి అరేబియా బానిసత్వం మెత్తనిదని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోలేను. ఆ తల్లి ఇష్టాన్ని ఇక్కడా ఎవరూ అడగలేదు. బిడ్డను కలుపుకున్నారు, తల్లి ఊరునూ భాషనూ మాత్రం వంశవృక్షంలోంచి తుడిచేశారు.

జన్యు పరిశోధనలు ఈ రెండు చరిత్రలనూ అద్దం పట్టినట్టు చూపిస్తాయి. అరబ్ జనాభాలో ఆఫ్రికా మూలాలు తండ్రి వైపు కంటే తల్లి వైపు వారసత్వంలో చాలా ఎక్కువగా కనిపిస్తాయి. నల్లజాతి అమెరికన్లలో యూరప్ మూలాలు తల్లి వైపు కంటే తండ్రి వైపు ఎక్కువ. రెండుచోట్లా జరిగింది ఒకటే, మగ యజమాని, బానిస స్త్రీ. అక్కడ పుట్టిన బిడ్డ నల్లజాతిలో చేరింది, ఇక్కడ పుట్టిన బిడ్డ అరబ్ తెగలో చేరింది.

అజ్మాన్ పేరు ఈ చరిత్రలోకి కాగితాల మీద ఎక్కింది 1820లో. గల్ఫ్ షేక్‌లతో బ్రిటిష్‌వాళ్లు కుదుర్చుకున్న సాధారణ సముద్ర ఒప్పందంపై సంతకం చేసినవారిలో అజ్మాన్ పాలకుడు షేక్ రషీద్ బిన్ హుమైద్ ఒకరు. అందులో తొమ్మిదో అంశం ఆఫ్రికా తీరం నుంచో మరోచోటి నుంచో మనుషుల్ని ఎత్తుకొచ్చి ఓడల్లో తరలించడాన్ని సముద్ర దోపిడీగా ప్రకటించింది. ఆ ఒప్పందం రూపకల్పనలో పాలుపంచుకున్న పెరోనెట్ థాంప్సన్ అంతకుముందు సియెరా లియోన్ గవర్నర్‌గా పనిచేసిన బానిసత్వ వ్యతిరేకి. కానీ ఎత్తుకురావడమే నేరమనీ, ఎవరో తెచ్చి సంతలో పెట్టినవాళ్లను కొనుక్కోవడం నేరం కాదనీ తీరంలో అర్థం చెప్పుకున్నారు. 1847లో అజ్మాన్‌తో సహా ఇక్కడి షేక్‌లు ఆఫ్రికా నుంచి బానిసల రవాణాను ఆపుతామని మళ్లీ సంతకాలు చేశారు. 1873లో జాంజిబార్ సుల్తాన్ బర్గష్ బ్రిటిష్ ఒత్తిడికి తలొగ్గి అక్కడి బానిసల సంతను మూయించాడు.

కాగితాల మీద వ్యాపారం ఆగిపోతున్న ఆ కాలంలోనే ముత్యాలకు గిరాకీ పెరిగింది. పారిస్, లండన్, న్యూయార్క్ ధనికుల మెడల్లోకి గల్ఫ్ ముత్యాలు ఎక్కాయి. 1917లో కార్టియర్ సంస్థ న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో ఒక భవంతిని రెండు పేటల సహజ ముత్యాల హారం, పైన 100 డాలర్లు ఇచ్చి సొంతం చేసుకుంది. ముత్యం ధర మేడ ధరతో సమానమైన రోజులవి. ఒమన్ బాతినా తీరపు ఖర్జూరం తోటల్లోనూ ఆఫ్రికా బానిసలే పనిచేశారు, ఆ ఖర్జూరాలకు పెద్ద మార్కెట్ అమెరికా. తన దేశంలో 1865లో బానిసత్వాన్ని రద్దు చేసుకున్న అమెరికా, ఆ తర్వాత అర్ధశతాబ్దం పైగా అరేబియా బానిసల చెమటను పండ్లుగా తిన్నది, ముత్యాలుగా తొడుక్కున్నది. చరిత్రకారుడు మాథ్యూ హాపర్ ఈ సంగతిని వివరంగా బయటపెట్టాడు. గల్ఫ్ బానిసత్వాన్ని అరబ్బుల పాత అలవాటుగా మాత్రమే చూసేవాళ్లు ఆ లెక్కలో ప్రపంచ మార్కెట్‌ను మర్చిపోతున్నారు.

పడవ మీద స్వేచ్ఛాజీవి కూడా నాఖుదాకు బాకీ పడే ఉండేవాడు. సీజన్‌కు ముందు తీసుకున్న అడ్వాన్సు తీరేది కాదు, తండ్రి చనిపోతే కొడుకు మీద పడేది. తెలంగాణ పల్లెల్లో భగేలాగా దొర దగ్గర తరతరాలు పనిచేసినవాళ్ల కథ తెలిసినవారికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. బానిస డైవరుకు ఆ బాకీ కూడా లేదు, అతని వాటా నేరుగా యజమానికి పోయేది.

జపాన్‌లో మికిమోటో అనే వ్యాపారి 1893లో మొదలుపెట్టిన సాగు ముత్యాలు 1920లలో మార్కెట్‌ను ముంచెత్తాయి. 1929 ఆర్థిక మాంద్యం మిగిలినదాన్ని ఊడ్చేసింది. తిండి పెట్టలేని యజమానుల దగ్గర్నుంచి బానిసలు పారిపోయి షార్జాలోని బ్రిటిష్ ఏజెంటు గుమ్మం తొక్కేవారు. ఏ ఊళ్లో పుట్టారు, ఎవరు ఎత్తుకొచ్చారు, ఎవరికి అమ్మారు అని గుమస్తా అడిగి రాసుకునేవాడు. అర్జీ నిలబడితే విముక్తి పత్రం ఇచ్చేవారు. అలాంటి వాంగ్మూలాలు వందల సంఖ్యలో ఇప్పటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఈ తీరపు ఆఫ్రికా మూలాల గురించి ఆ మనుషులే చెప్పుకున్న మాటలు ఇంత పెద్ద మొత్తంలో ఇంకెక్కడా దొరకవు. చిత్రమేమంటే, విముక్తి తర్వాత చాలామంది ఎక్కడికీ వెళ్లలేదు. పాత యజమాని తెగ పేరే పెట్టుకుని ఇక్కడే ఉండిపోయారు. ట్రూషియల్ రాజ్యాలని అప్పట్లో పిలిచిన ఈ ఎమిరేట్లలో బానిసత్వానికి చివరి ముగింపు 1960ల ఆరంభంలో పలికారు. 1971లో ఎమిరేట్స్ ఏర్పడినప్పుడు వీళ్ల పిల్లలు కొత్త దేశపు పౌరులయ్యారు.

పేరు కలిసింది, పౌరసత్వం కలిసింది. పెళ్లి దగ్గర మాత్రం గీత మిగిలింది. వంశం సాటిరావాలన్న పాత పట్టింపు వల్ల, విముక్తుల కొడుక్కు అసలు తెగవాళ్లు పిల్లనివ్వడం అరుదు. తండ్రి వైపు వంశం ఉన్నవాడికీ, యజమాని పేరు అరువు తెచ్చుకున్నవాడికీ మధ్య తేడా ఊళ్లో పెద్దలకు తెలుస్తూనే ఉంటుంది. ఆఫ్రికా మాత్రం పాటలో బతికింది. పెళ్లిళ్లలో, జాతీయ దినోత్సవాల్లో లీవా ఆడతారు. సన్నాయి లాంటి వాద్యం, పెద్ద డోళ్లు, వలయంగా అడుగులు, అక్కడక్కడ స్వాహిలీ మాటలు. నూబాన్ ఆటలో నడుముకు మేకగిట్టల పట్టీ కట్టుకుని గలగలలాడిస్తారు.

అమెరికాలో గీత రోజురోజుకీ బిగుసుకుంది. 1850 జనాభా లెక్కల్లో "ములాటో" గడి వచ్చింది, 1890లో నాలుగో వంతు, ఎనిమిదో వంతు నల్లరక్తం వాళ్లకు కూడా విడివిడి పేర్లు పెట్టారు. ఎనిమిదో వంతు నల్లవాడైన హోమర్ ప్లెసీని రైల్లో తెల్లవారి పెట్టెలోంచి దించేస్తే, 1896లో సుప్రీంకోర్టు అది సబబేనంది. 1924లో వర్జీనియా ఒక్క చుక్క చాలన్న సూత్రాన్ని చట్టం చేసింది. 1930 లెక్కల్లో ఎంత కొంచెం నల్లరక్తం ఉన్నా నీగ్రో అని రాయమని గుమస్తాలకు ఆదేశాలిచ్చారు. లూసియానాలో తెల్లగానే పెరిగిన సూజీ ఫిప్స్ అనే ఆమెకు పాస్‌పోర్టు కోసం వెళితే, జనన పత్రంలో తాను నల్లజాతిగా నమోదైనట్టు తెలిసింది. 18వ శతాబ్దంలో మార్గరీటా అనే బానిస స్త్రీ ఆమె పూర్వీకురాలట. 32లో ఒక వంతు దాటితే నల్లజాతే అన్న లూసియానా చట్టం 1983లో రద్దయింది గానీ, ఆమె కేసు మాత్రం ఓడిపోయింది. మార్గరీటా పేరు రెండు వందల ఏళ్లు గుర్తుపెట్టుకున్నది ఆమె వారసులను గెంటేయడానికే. అజ్మాన్‌లో అయితే ఆ పేరు ఒక తరం కూడా మిగిలేది కాదు, వారసులు మాత్రం తండ్రి ఇంట్లో ఉండేవారు.

1964 ఏప్రిల్‌లో హజ్‌కు వచ్చిన అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్, తెల్లవారూ నల్లవారూ ఒకే పళ్లెంలో తినడం చూసి కదిలిపోయి ఇంటికి ఉత్తరాలు రాశాడు. అతను చూసింది నిజమే. అయితే సౌదీ అరేబియా బానిసత్వాన్ని రద్దు చేసి అప్పటికి రెండేళ్లయినా నిండలేదు. ఒక్క చుక్క చట్టాల నేల నుంచి వచ్చినవాడికి అరేబియా కలుపుగోలుతనం కనబడింది, దాని కింద ఉన్న మౌనం కనబడలేదు.

మన నేల మీద మూడో దారి నడిచింది. ఇక్కడ హబ్షీలు, సిద్దీలు అని పిలిచే ఆఫ్రికా సంతతివాళ్ల స్థానాన్ని కొలువు నిర్ణయించింది. 17వ శతాబ్దంలో ఆదోని కోట సిద్దీ మసూద్ చేతిలో ఉండేది. ఆఫ్రికా మూలాలున్న అతను బీజాపూర్ సుల్తాను తరఫున రాజ్యం నడిపి, ఆదోనిలో స్థిరపడి అక్కడి జామియా మసీదు కట్టించాడు. 1688లో మొఘలులు ఆ కోట పట్టుకున్నారు. హైదరాబాద్‌లో వనపర్తి రాజా రామేశ్వరరావు దగ్గరున్న సిద్దీ సిపాయిల దళం 19వ శతాబ్దంలో నిజాం కొలువుకు చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. మాసబ్ ట్యాంక్ పక్కన వాళ్లున్న చోటు ఈరోజుకీ ఏసీ గార్డ్స్. 1948 తర్వాత దళం రద్దయి, గుర్రాలు పోయి, జీతాలు పోయి, బస్తీ మిగిలింది. యెమెన్ మూలాల అరబ్బులూ ఈ సిద్దీలూ వాయించిన మర్ఫా హైదరాబాద్ పెళ్లి ఊరేగింపుల్లోకి వచ్చి, తీన్‌మార్‌గా ఊరూరికీ పాకింది. తీన్‌మార్‌కు చిందులేసే కుర్రాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ. బడి పుస్తకాల్లో సిద్దీ మసూద్ పేరు లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

పెళ్లిచూపుల్లో "చామనచాయే, కానీ ముఖంలో కళ ఉంది" అని సర్దిచెప్పుకునే మనం ఆ కళ్లతోనే అమెరికా వెళ్లాం. పౌరసత్వం కోరిన భారతీయుడు భగత్ సింగ్ థిండ్ తెల్లవాడు కాడని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది, 1920 నుంచి 1940 దాకా వాళ్ల జనాభా లెక్కల్లో "హిందూ" ఒక జాతి. మనల్నీ అదే గడుల్లో పెట్టి తూచారన్నమాట. తమిళ తల్లికీ జమైకా తండ్రికీ పుట్టిన కమలా హారిస్ నల్లజాతి స్త్రీనా, భారతీయురాలా అని 2024 జూలైలో ట్రంప్ వేదిక మీద ఎద్దేవా చేస్తే, మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఆ చర్చ నడిచింది. ఆమె ఎప్పుడూ రెండింట్లో దేన్నీ దాచుకోలేదు.

గడులు మన దగ్గరా ఉన్నాయి. ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే సిద్దీలను 2003లో షెడ్యూల్డ్ తెగగా గుర్తించారు, గుజరాత్‌లోని సౌరాష్ట్ర సిద్దీలకు అంతకుముందు నుంచే ఆ గుర్తింపుంది. ఏసీ గార్డ్స్ సిద్దీల పేరు తెలంగాణ తెగల జాబితాలో లేదు. ఆఫ్రికా తీరం ఒకటే, దాటి వచ్చిన సముద్రం ఒకటే. తాతలు అడవిలో స్థిరపడ్డారా, నిజాం గుర్రమెక్కారా అన్నదాన్ని బట్టి మనవడి సర్టిఫికెట్ మారుతోంది.