సెట్ ఏ, సెట్ బి వెనక ఉన్న తెలుగాయన

జహీరాబాద్‌లో ఒక టీచర్ 20 ప్రశ్నల టెస్ట్ పెడుతున్నారనుకోండి. కాపీ కొట్టకుండా నాలుగు సెట్లు కావాలి. ప్రశ్నలు అవే, వరుస మాత్రం వేరు. అంటే 1 నుంచి 20 దాకా నంబర్లను కలిపేయాలి. ఒక్కటీ రెండుసార్లు రాకూడదు, ఒక్కటీ తప్పిపోకూడదు. తేడా వస్తే పాపం పిల్లల మార్కులే పోతాయి!

ఇంత చిన్న పనికి పెద్ద చరిత్రే ఉంది.

1938లో ఇంగ్లండ్‌లో ఫిషర్, యేట్స్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు ఒక పట్టికల పుస్తకం వేశారు. అందులో చెప్పిన పద్ధతి చాలా సింపుల్. నంబర్లన్నీ వరుసగా రాయండి. ఎన్ని మిగిలాయో చూసి, అంతలోపు ఒక అంకె లాటరీలా తీయండి. 7 వచ్చిందా? మిగిలినవాటిలో ఏడోదాన్ని కొట్టేసి పక్కన రాసుకోండి. కొట్టేసింది మళ్లీ రాదు కదా, ఇక రిపీట్ ఎక్కడిది?

ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేశారు మన సి.ఆర్.రావు. 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్నారు. 1961లో ఆయన ఇంకో దారి చూపించారు. ప్రతి నంబరుకీ 0 నుంచి 9 లోపు ఒక అంకె తీసి, ఆ అంకె డబ్బాలో వేయాలి. ఒకే డబ్బాలో రెండు మూడు పడితే, వాటికి మాత్రం మళ్లీ తీయాలి. చివరికి డబ్బాలు వరుసగా చదివితే కొత్త వరుస రెడీ. ఫిషర్, యేట్స్ పుస్తకం ఆరో ఎడిషన్‌లో రావుగారి పద్ధతే ఇచ్చారు. గురువుగారి పుస్తకంలో శిష్యుడి పద్ధతి!

1964లో డర్‌స్టెన్‌ఫెల్డ్ ఆ పాత పద్ధతినే కంప్యూటర్‌కి సరిపోయేలా మార్చారు. 1969లో డొనాల్డ్ క్నూత్ తన పుస్తకంలో పెట్టి ప్రోగ్రామర్లందరికీ చేర్చారు. అదే క్నూత్ 1978లో టెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ తెచ్చారు. దాని మీద వచ్చిందే లేటెక్. ఇవాళ అందులో ప్రశ్నపత్రం తయారవుతున్నప్పుడే నంబర్లు వాటంతటవే కలిసిపోయేలా రాసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త: ప్రతి సెట్‌కీ ఒక సీడ్ నంబర్ ఇవ్వాలి. సీడ్ అదే అయితే వరుస మళ్లీ అదే వస్తుంది. లేకపోతే రేపు ఫైల్ మళ్లీ రన్ చేస్తే వరుస మారి, కీ తప్పిపోతుంది.

రావుగారు 2023లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఈసారి మీ చేతికి సెట్ సి వస్తే, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.