ఇస్మత్ చుగ్తాయ్: ‘లిహాఫ్’ కేసు

ఉర్దూ కథా రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ 1915లో బదాయూన్‌లో పుట్టారు. 1942లో అచ్చయిన ‘లిహాఫ్’, అంటే రజాయి, ఆమెను కోర్టుకెక్కించింది. నవాబు భర్త పట్టించుకోని ఒక బేగం, ఆమె పనిమనిషి మధ్య సంబంధాన్ని చిన్నపిల్ల కళ్లతో చెప్పిన కథ అది. అశ్లీలమంటూ లాహోర్ నుంచి సమన్లు వచ్చేసరికి ఇస్మత్ చంటిబిడ్డ తల్లి. ‘బూ’ కథ మీద కేసున్న మంటో కూడా అక్కడికే వెళ్లారు. క్షమాపణ చెప్పేస్తే పోతుందన్నారు కొందరు, ఆమె ఒప్పుకోలేదు. ఫలానా మాట బూతు అని సాక్షులెవరూ చూపలేకపోయారు. నిజానికి కథలో అలాంటి మాటే లేదు. కేసు వీగిపోయింది. ముద్ర మాత్రం అంటుకుపోయింది. ‘టేఢీ లకీర్’ నవల రాసినా, ‘గర్మ్ హవా’ సినిమాకు కథ ఇచ్చినా జనం నోట మళ్లీ ‘లిహాఫే’. 1976లో పద్మశ్రీ అందుకున్నారు. 1991లో ముంబైలో కన్నుమూశారు.