ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి తగ్గుదల

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1970ల మొదట్లో ఒక స్త్రీకి సగటున నలుగురికి పైగా పిల్లలు పుట్టేవారు. 1992–93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆ సగటు 2.6కి, 2005–06 నాటికి 1.8కి దిగింది. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. వలసలు లేకుండా జనాభా నిలకడగా ఉండాలంటే ఇది 2.1 ఉండాలి.

ఆడవాళ్ల చదువు పెరిగితేనే కాన్పులు తగ్గుతాయని కేరళను చూపి చెప్పడం పరిపాటి. 1991లో కేరళ స్త్రీలలో 86 శాతం అక్షరాస్యులు, ఆంధ్రప్రదేశ్‌లో 33 శాతమే. పైగా ఇక్కడ పెళ్లిళ్లు చిన్న వయసులోనే అయిపోయేవి. అయినా కాన్పులు తగ్గాయి. ఇరవై దాటకుండానే పెళ్లి, పాతికలోపే ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్: లక్షల కుటుంబాలు నడిచిన దారి ఇదే. 2019–21 సర్వేలో 15–49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారు. వేసెక్టమీ వాటా ఒక శాతం కూడా లేదు. భారమంతా ఆడవాళ్లదే.

అయితే ఆపరేషన్ సదుపాయం ఉత్తరాదిలోనూ ఉంది. ఇక్కడ దాన్ని కోరుకునేవారు ఎక్కువయ్యారు. టీకాలు వచ్చాక పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధీమా పెరిగింది. ఒకప్పుడు పొలానికి అక్కరకొచ్చే పిల్లలు ఇప్పుడు ఫీజులు కట్టి చదివించాల్సినవారయ్యారు. అక్షరం రాని తల్లి కూడా కాన్వెంటు ఖర్చు లెక్క వేయగలదు. చదువు ప్రభావం తల్లి బడికి వెళ్లడంలోనే కాదు, బిడ్డను బడికి పంపాలనుకోవడంలోనూ ఉంది.

కాన్పులు తగ్గగానే జనాభా తగ్గదు. పెద్ద కుటుంబాల కాలంలో పుట్టినవారు పెళ్లీడుకొస్తుంటే, తలా ఇద్దరినే కన్నా జననాలు మరణాలను మించుతాయి. అందుకే ఉమ్మడి రాష్ట్ర జనాభా 1991లో 6.65 కోట్లుంటే 2011కి 8.46 కోట్లయింది. ప్రపంచంలోనూ అంతే. వృద్ధి రేటు 1960లలో గరిష్ఠానికి చేరి అప్పటినుంచి తగ్గుతూ వచ్చినా, 2022 నవంబరులో జనాభా 800 కోట్లకు చేరింది. 2080ల మధ్యలో సుమారు 1,030 కోట్లకు చేరి, ఆపై మెల్లగా తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా. సహారా దిగువ ఆఫ్రికాలో కాన్పులు ఎంత వేగంగా తగ్గుతాయన్నదానిపై ఈ లెక్క చాలావరకు ఆధారపడి ఉంది.

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదని 1994 పంచాయతీరాజ్ చట్టం విధించిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేసింది. వృద్ధుల వాటా పెరగడం అందుకు చూపిన కారణాల్లో ఒకటి. ఆ నిబంధన తాకింది పదవులు ఆశించేవారినే. మిగతావారు ఇద్దరితో ఆగింది దానికి భయపడి కాదు గనుక, రద్దుతో కాన్పులు పెరుగుతాయనుకోవడానికి ఆధారం తక్కువ.