ఉద్యోగం, పని (కర్నూలు, కడప ప్రాంతాల వాడుక)

ఉద్యోగం, పని అనే మాటలు నిఘంటువులలో దగ్గరి అర్థాలు గలవే అయినా, రాయలసీమలోని కర్నూలు, కడప ప్రాంతాల యువతీయువకుల సంభాషణలో రెండు వేర్వేరు స్థాయిలను సూచిస్తాయి. నెల జీతం, సెలవులు, వీలైతే పింఛను గలది ఉద్యోగం, తక్కినదంతా పని. పగలంతా పొలంలోనో, బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీలోనో శ్రమించే పట్టభద్రుడు కూడా "ఏం చేస్తాండావు?" అని అడిగితే "ఖాళీగా ఉండా" అని బదులు చెప్పడం కద్దు.

పదాల పూర్వాపరాలు

సంస్కృతంలో ఉద్యోగం అనగా ప్రయత్నం, పూనిక. మహాభారతంలోని ఉద్యోగపర్వం యుద్ధ సన్నాహాలకు సంబంధించినదే గాని కొలువుకు సంబంధించినది కాదు. తెలుగులో ఈ మాట కొలువు అనే అర్థంలో స్థిరపడింది. అందువలన మార్కెట్ యార్డులో మూటలు మోసే యువకుడు తనను నిరుద్యోగి అని చెప్పుకొంటాడు. మూలార్థం ప్రకారం ఆ మాటకు ప్రయత్నం చేయనివాడని అర్థం! జీతం అనే మాటకు కూడా ఇక్కడ రెండు ముఖాలున్నాయి. కార్యాలయంలో నెలనెలా అందేది ఒకటి, రైతు ఇంట ఏడాదికి కుదుర్చుకొని "జీతానికి ఉండడం" మరొకటి. తాతలు జీతగాళ్లుగా ఉన్న ఇళ్లలో మనుమలు ప్రభుత్వ ఉద్యోగానికై ఏళ్ల తరబడి వేచి ఉండడంలో ఈ జ్ఞాపకం పాలు కొంత ఉన్నదనవచ్చు.

నంద్యాల

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి విడివడి జిల్లా కేంద్రమైన నంద్యాల, బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరుపొందిన పట్టణం. దూరప్రాంతాల అభ్యర్థులు సైతం ఇక్కడ గదులు అద్దెకు తీసుకొని చదువుకొంటారు. పలు ప్రభుత్వ రంగ బ్యాంకుల నియామకాలకు 2011 నుండి ఐ.బి.పి.ఎస్. ఉమ్మడి పరీక్ష జరుపుతున్నది. "ప్రిపేర్ అవుతున్నాడు" అన్న మాట ఇక్కడ దాదాపు ఒక వృత్తి పేరువలె చెలామణి అవుతుంది. పెళ్లి సంబంధాల వేళ కూడా కొంతకాలం చెల్లుతుంది. సడలింపులు లేనివారికి గుమస్తా పరీక్షకు 28, అధికారి పరీక్షకు 30 ఏళ్లు వయోపరిమితి. అది దాటితే ఆ జవాబు చెల్లదు. "ఇంకా సెటిల్ కాలేదు" అనే మాట అప్పుడు వినవస్తుంది.

సుగ్గి

కె.సి. కాలువ నీరందే నంద్యాల వైపు పరిస్థితి వేరు, కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం మండలాలు గల పశ్చిమ ప్రాంతం వేరు. అక్కడ వర్షాధారపు సేద్యమే ఎక్కువ. ఖరీఫ్ ముగిసిన తరువాత కుటుంబాలు గుంటూరు ప్రాంతపు మిరప కోతలకు, పత్తి తీతలకు, కర్ణాటకకు వలస పోతాయి. దీనిని "సుగ్గికి పోవడం" అంటారు. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, ఆ కాలపు పండుగ. సంబరపు మాట ఇక్కడ వలసకు పేరయింది. తల్లిదండ్రులతో పిల్లలు పోకుండా ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడిపింది. సెలవులలో సుగ్గికి పోయి తన ఫీజు తానే సంపాదించుకొన్న డిగ్రీ విద్యార్థి కూడా దానిని తన అనుభవంగా ఏ దరఖాస్తులోను వ్రాయడు.

కువైట్

పాత కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి కువైట్‌కు వెళ్లినవారు ఎందరో. వీరి విషయంలో ఇంటివారు పని పేరు చెప్పరు; "కువైట్‌లో ఉన్నాడు" అంటారు. డ్రైవరా, వంటవాడా అన్నది తరువాతి మాట. 1990 ఆగస్టు 2న ఇరాక్ ఆక్రమణ తరువాత లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులను విమానాలలో తరలించారు. యుద్ధం ముగిశాక తిరిగి వెళ్లినవారు ఉన్నారు.

స్త్రీలు అధికంగా ఇంటిపనులకే వెళతారు. వంట, పసిపిల్లల సాకుడు, ముసలివారి సేవ అక్కడ దినారులలో జీతం తెచ్చే పనులు. అవే పనులు రాయచోటిలో తన ఇంట చేసే యువతిని గూర్చి అడిగితే "ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది" అంటారు.